పళ్లెం అడుగున ముఖం

కిందటివారం మ్యాక్ పుయ్‌షాన్ కత్తి నూరుతుండగా ఆమెను వదిలి వచ్చాం. మనం లేనంత మాత్రాన ఆమె చెయ్యి ఆగలేదు. పొద్దు మల్బరీ కొమ్మల మీదికి వచ్చేసరికి ఆ కత్తి చేప ఒంట్లోకి నీళ్లలోకి దిగినట్టు దిగుతోంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతి కాస్త చెప్పాలి. పూర్వం దక్షిణ చైనాలో మా షుండే ఊళ్లలో కొందరు ఆడవాళ్లు పెళ్లి చేసుకోబోమని ఒట్టు పెట్టుకుని, తమ జుట్టు తామే ముడేసుకుని, పట్టు మిల్లుల్లోనూ సముద్రం అవతలి దొరల వంటిళ్లలోనూ బతికారు. వాళ్లను గూపోలంటాం. మా సోంగ్‌తౌలో వాళ్ల పేరు మీద మిగిలింది ఒక్క చెరువు, దాని గట్టు మీద మల్బరీ చెట్లు. ఆ చెరువు పూడ్చి, కొత్తగా రంగులేయించిన వంశమందిరానికి వచ్చేవాళ్ల కార్లు నిలుపుకుందామని వంశపెద్ద కింగ్‌చో పట్టుపట్టాడు. పుయ్‌షాన్ అడ్డుపడింది.

ఆమె మామూలు వంటమనిషి కాదు. హాంకాంగ్ టీవీలో ఆమె వంట చూడని ఇల్లు లేదు. ఆమె పళ్లేలను చిత్రశాలల్లో గోడలకు తగిలించారు. సొరచేప రెక్కల సూప్ ఇక చెయ్యనని తెగేసి చెప్పినందుకు పెద్ద హోటల్ ఆమెను వదులుకుంది, ఆమె కూడా హోటల్‌ను వదులుకుంది. అలాంటి మనిషిని పిలిచి కింగ్‌చో, వసంత పూజనాడు వంశవిందు వండిపెడితే చెరువు సంగతి ఆలోచిస్తానన్నాడు. ఏం వండాలో తనే చెప్పాడు. పెట్టెడు ఎండు రెక్కలు తనే పంపాడు. పుయ్‌షాన్ "వండుతాను పెదనాన్నా" అంది. ఏం వండుతుందో మాత్రం చెప్పలేదు.

ఆ పూజ ఇవాళే.

మందిరం వెనక ఆరుబయట పొయ్యిలు వెలిగాయి. గూపోలలో ప్రాణాలతో మిగిలిన ఒకే ఒక్కావిడ, పుయ్‌షాన్ తాతకు చెల్లెలు, వెదురు పీట మీద కూర్చుని చేపల తొట్టిని కాపలా కాస్తోంది. తొంభై దాటిన మనిషి. నెత్తిన ముడి ఇప్పటికీ తనే వేసుకుంటుంది.

"ఎండ తగులుతోంది గూపో, ఇవతలికి జరుగు."

"నా ఎండ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చేప సంగతి చూడు."

చేపలు ఆ చెరువువే. మేత మాన్పించి ఇన్నాళ్లూ మంచినీళ్లలో ఉంచితే ఒంట్లో బురదవాసన పోయి కండ బిగిసింది. పుయ్‌షాన్ ఒక్కో గడ్డిచేపకు తోక దగ్గర గాటు పెట్టి మళ్లీ నీళ్లలో వదులుతోంది. నెత్తురంతా చేప తనే ఈది కడిగేసుకుంటుంది. ఆ తర్వాత కోస్తే కండ అద్దంలా ఉంటుంది. ఆ అద్దాన్ని ఆమె ఇంకా పల్చన చేస్తుంది. పొర తీసి ఎత్తి పట్టుకుంటే దాని అవతల ఉన్న మనిషి కనబడాలి.

పొరలు పరవడానికి ఆమె తెచ్చుకున్న పళ్లేలు ఊళ్లో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. గూపోల చెరువు అడుగు మట్టి తవ్వించి, పిసికి, పక్క ఊరి బట్టీలో కాల్పించినవి. ఒక్కోదాని మీద నీలిరంగులో ఒక్కో ఆడమనిషి ముఖం. అందరికీ నెత్తిన ముడి. పడవ ఎక్కే ముందు రేవులో తీయించుకున్న పాత ఫొటో ఒకటి గూపో దగ్గర ఉంది. అందులో ముఖాలు గోరంత. మిగతాదంతా గూపో నోటితో చెబితే పుయ్‌షాన్ గీసింది. దీనికి కనుబొమ్మలు కలిసి ఉండేవి. ఇది నవ్వితే పైపన్ను విరిగిన చోట నాలుక కనబడేది. దీనికి ఎడమ కంటి కింద పుట్టుమచ్చ.

ఆ ముఖాల మీద పుయ్‌షాన్ చేప పొరలను రేకులు పేర్చినట్టు పేరుస్తూ పోయింది. ఒక పొర మీద ఇంకో పొర ఎక్కేకొద్దీ గీతలు తెల్లదనంలో మునిగిపోయాయి. చూస్తే విచ్చుకున్న తెల్లతామర, అంతే.

గూపో పీట మీద నుంచి వంగి, పుట్టుమచ్చ ఉన్న పళ్లాన్ని వేలితో చూపించింది.

"ఇది కింగ్‌చో ముందు పెట్టించు."

"పెద్ద బల్లకి ఏదైనా ఒకటే కదా గూపో. ఇదే ఎందుకు?"

"వాడికి చిన్నప్పటి నుంచీ ఆకలెక్కువ. అడుగు దాకా తింటాడు."

పుయ్‌షాన్ నవ్వి ఊరుకుంది. గూపో నవ్వలేదు.

పూజ మొదలైంది. మందిరంలో తాతల పేరు పలకల ముందు నిలువునా కాల్చిన పందులు ఎర్రగా మెరుస్తూ వరసగా పడుకున్నాయి. మా వైపు వంశం అంటే ఈ పందే. మగపిల్లాడు పుట్టిన ఏడాదే వాడి పేరున వాటా వస్తుంది, పళ్లు రాకపోయినా సరే. ఆడపిల్ల ఎంత చదివినా, ఎంత పేరు తెచ్చుకున్నా వాటా లేదు. వాటా ఉన్నవాడికే మందిరంలో నోరుంటుంది. వాటా లేనివాళ్లు విందు తినొచ్చు, గిన్నెలు కడగొచ్చు, మాట్లాడకూడదు.

ఏటా పందిని కోసేది మా ఊరి కసాయి మ్యాక్. ఈసారి కింగ్‌చో గ్వాంగ్‌జౌ నుంచి టీవీ కెమెరా రప్పించాడు. మందిరం గొప్ప నలుగురికీ తెలియాలని ఆయన ఆరాటం. కెమెరా కుర్రాళ్లు, కోసేది పుయ్‌షాన్ అయితే బాగుంటుంది కదండీ అన్నారు. ఆయనకూ బాగుంటుందనిపించింది. ఎర్ర గుడ్డ కట్టిన మందిరం కత్తి తీసుకెళ్లి స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు.

పుయ్‌షాన్ పంది వీపు మీద మొదటి దెబ్బ వేసింది. చర్మం ఎండుటాకులా ఫెళ్లున విరిగింది. మెడ దగ్గర ముక్క తీసి పలకల ముందు పెట్టి, రెండు అడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ చాచి నిలబడింది. కోసినవాడు అలాగే నిలబడతాడు. వంశపెద్ద ఆ ముక్కను తామరాకులో చుట్టి అతని చేతుల్లో పెట్టి ఒక మాట అంటాడు. అది పూర్తయ్యాకే మిగతా వాటాలు.

కింగ్‌చో కెమెరా వైపు కాస్త తిరిగి, తామరాకు పొట్లం ఆమె చేతుల్లో పెట్టాడు. నలభై ఏళ్లుగా నోటికి అలవాటైన మాట నోటి నుంచి జారిపోయింది.

"తాత ఇస్తున్నాడు. నీ వాటా అందుకో."

"అందుకున్నాను," అంది పుయ్‌షాన్. పలకలకు మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది. ఆ పొట్లాన్ని నడుముకు కట్టుకున్న వంటగుడ్డ మడతలో దోపుకుంది. గుంపులో ఇద్దరు ముసలాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బయట టపాకాయలు మోగడంతో ఆ చూపు అక్కడే ఆగిపోయింది.

విందు మొదలైంది. పెద్ద బల్ల దగ్గర కింగ్‌చో, పక్కన సింగపూర్ నుంచి వచ్చిన మ్యాక్ సుయ్‌కీ. వరసకు కింగ్‌చోకు చిన్నాన్న అవుతాడు. చెవులు సగమే పనిచేసినా నాలుక నిండుగా పనిచేస్తుంది. మందిరం రంగుల్లో సగం ఆయన చలవే. రెక్కల సూప్ ఎప్పుడొస్తుందా అని ఆయన రెండుసార్లు అడిగాడు కూడా.

సూప్ వచ్చింది. చిక్కగా, తేటగా, సన్నని దారాల్లాంటివి తేలుతూ. సుయ్‌కీ చెంచా నోట్లో పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఒరే చో, నేను చాలా ఊళ్లు తిరిగాను. ఇంత మంచి రెక్క ఎక్కడా తినలేదురా."

కింగ్‌చో ముఖం వెడల్పైంది. "మీ అంతటివారు వస్తుంటే మామూలు సరుకు పెడతామా చిన్నాన్నా. ఏరి తెప్పించాను."

పుయ్‌షాన్ అప్పుడే పెద్ద బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"తాతగారూ, అది రెక్క కాదండీ. మన చెరువు చేపని వేయించి, ముళ్లు తీసి, పోగులు పోగులుగా విడదీశాను. ఆకుపచ్చగా కనబడేది బీరకాయ."

సుయ్‌కీ చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నాడు. "ఏ కాయ?"

"బీరకాయండీ."

"బీరకాయా?" ఆయన గిన్నెలోకి చూశాడు. ఇంకో చెంచా తాగాడు. "అయితే నేను ఇన్నేళ్లూ ఏం తిన్నట్టు?"

పక్క బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అది ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు అంటుకుంది. కింగ్‌చో మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"నేను పంపిన పెట్టె ఏం చేశావు?"

"అదిగో పెదనాన్నా." పూజబల్ల వైపు చూపించింది. పళ్లూ పూలూ మధ్య ఆ పెట్టె, కట్టిన తాడు కట్టినట్టే. "తాతల ముందే పెట్టాను. వాళ్లకి కావాలంటే తీసుకునేవాళ్లు. ముట్టుకోలేదు. మీరు తీసుకెళ్లిపోవచ్చు."

"నా అతిథుల ముందు నా పరువు తీస్తున్నావు."

"మీ అతిథి ఖాళీ గిన్నె పట్టుకుని రెండోసారి అడుగుతున్నారు. పరువు ఎక్కడ పోయిందండీ?"

నిజంగానే సుయ్‌కీ గిన్నె చాచి ఉన్నాడు.

కింగ్‌చో కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఇక గొంతు తగ్గించాల్సిన పని లేదనుకున్నాడు.

"చూడమ్మాయ్. ఊరు కాని ఊళ్లో పళ్లేల మీద బొమ్మలేసుకుని పేరు తెచ్చుకున్నావు, సంతోషం. అక్కడ వాళ్లకి ఆకలి లేదు, బొమ్మలు చూస్తారు. ఇది మన గడప. ఇక్కడ రెక్క లేని విందుని విందనరు, దినం కూడనరు. ఆ బురదగుంట కోసం ఇంత వేషమా? అందులో ఏముంది? దోమలు, పట్టుపురుగుల పెంట."

"ఆ పెంటే," అంది పుయ్‌షాన్. గొంతు పెరగలేదు కానీ మందిరం చివరిదాకా వినబడింది. "మల్బరీ ఆకు పట్టుపురుక్కి వేస్తాం. పురుగు పెంట చేపకి వేస్తాం. చేప కింద పేరుకున్న బురద ఎత్తి మళ్లీ చెట్టు మొదట్లో పోస్తాం. పారేసేది ఏదీ లేదు. మన తాతలు ఇలాగే బతికారు. ఈ మధ్య పట్నాల్లో వాళ్లు ఇదే సంగతి గొప్పగా నేర్చుకోవాలని నన్ను వేదికలెక్కించి అడుగుతున్నారు. అక్కడ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఇక్కడికొచ్చి అదే చెరువు మీద సిమెంటు పోస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా? నాకు చేతకాదు. నా వంట, నా బొమ్మలు, నా పేరు, అన్నీ ఆ బురదలోంచే వచ్చాయి. ఒక సొరచేప రెక్కలు కోసి, మొండెం సముద్రంలో పడేసి, అది మునిగి చస్తుంటే మన వంశం గొప్పదవుతుందా పెదనాన్నా? అలా అయ్యే గొప్ప నేను వండను. ఏ హోటల్లో వండలేదు, ఇక్కడా వండను."

"వండకు. ఎవరు బతిమాలారు? పూడ్చడం మాత్రం ఆగదు. ఇవాళే మగవాళ్లందరి ముందు చెబుతున్నాను, అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి." కింగ్‌చో చుట్టూ చూశాడు. ఎవరూ లేవలేదు. సగం మంది కొడుకులకు ఆయన చేతిలో పనులున్నాయి. "చూశావా? అయిపోయింది. నువ్వు వంటింట్లోకి నడు."

"నాకు అభ్యంతరం ఉంది."

"నీకు వాటా ఎక్కడిదే, మాట్లాడడానికి?"

పుయ్‌షాన్ నడుము మడతలోంచి తామరాకు పొట్లం తీసింది. ఇంకా వెచ్చగా ఉంది. బల్ల మీద, ఆయన గిన్నె పక్కన పెట్టి విప్పింది. మెడ ముక్క. చర్మం మీద ఉప్పు మెరుస్తోంది.

"మీరే ఇచ్చారు పెదనాన్నా. తాత ఇస్తున్నాడన్నారు. నీ వాటా అందుకో అన్నారు. పలకల ముందే అన్నారు. నేను అందుకున్నానన్నాను."

కింగ్‌చో ఒక్క క్షణం ఆ ముక్కకేసి, ఎవరో తన జేబులోంచి తీసినట్టు చూశాడు.

"అది కోసినందుకు కూలి."

"కూలి అయితే వెనక గుమ్మం దగ్గర ఇస్తారు," అన్నాడు గుంపులోంచి ఇన్నేళ్లూ పంది కోసిన కసాయి మ్యాక్. నోరు జారినందుకు వెంటనే తల దించుకున్నా, ఆ మాట బల్లల మీదుగా వెళ్లిపోయింది. "పలకల ముందు ఇస్తే వాటా. మా నాన్నకీ అలాగే ఇచ్చారు, నాకూ అలాగే ఇచ్చారు."

"నేను విన్నాను," అన్నాడు సుయ్‌కీ. "నాకు సగమే వినబడుతుంది. అది ఆ సగంలోదే. మీ కెమెరావాళ్లు కూడా తీసే ఉంటారు కదరా చో, పిలిపించింది నువ్వే."

కెమెరా పట్టుకున్న కుర్రాడు ఏం చెయ్యాలో తెలియక తలూపాడు.

మా ఆచారం ఎలాంటిదంటే, వసంత విందులో వాటా ఉన్నవాళ్లలో ఒక్కడు కాదన్నా ఆ పని ఆగాలి. శరత్కాలపు పూజనాడు మళ్లీ అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ ఆచారాన్ని అడ్డం పెట్టుకుని కింగ్‌చోయే లోగడ ఎన్ని పనులు ఆపించాడో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఇప్పుడు ఆచారం చెల్లదంటే, రేపు తన మాటా చెల్లదు.

"చెరువు పూడ్చడం నాకు ఇష్టం లేదు," అంది పుయ్‌షాన్. పొట్లం మళ్లీ చుట్టింది. "తాతల ముందు చెబుతున్నాను. శరత్కాలం దాకా ఒక్క తట్ట మట్టి దాని గట్టు దిగడానికి వీల్లేదు. తర్వాత మళ్లీ కూర్చుందాం. నా వాటా పట్టుకుని నేనూ వస్తాను."

ఆడవాళ్ల బల్లల మీద ఎవరో గిన్నెను చెంచాతో తట్టారు. ఒకసారి. ఇంకెవరో తట్టారు. కాసేపటికి ఆ వైపు వాన పడుతున్నట్టుంది. చప్పట్లు కావవి, తప్పు పట్టడానికి వీల్లేని చప్పుడు.

కింగ్‌చో కూర్చున్నాడు. నిలబడితే ఓడినట్టూ, వెళ్లిపోతే ఇంకా ఓడినట్టూ ఉంటుందని తెలిసిన మనిషి. ఏమీ జరగనట్టు చాప్‌స్టిక్స్ అందుకున్నాడు. ఎదురుగా తెల్లతామరలాంటి పచ్చిచేప పళ్లెం. అల్లం తురుము, నువ్వులు, వేరుశనగ నూనె చుక్క అద్దుకుని తినసాగాడు. కోపంలో మనిషి వేగంగా తింటాడు. సుయ్‌కీ అటువైపు నుంచి, ఈయన ఇటువైపు నుంచి తింటుంటే తామర రేకులు ఒక్కొక్కటే రాలిపోయాయి.

మిగతా బల్లల మీద అప్పటికే గుసగుసలు లేచాయి.

"ఇదెవరే, మా మేనత్తలా ఉంది?"

"మీ మేనత్తే. ఆ విరిగిన పన్ను చూడు."

"పీనాంగులో పోయిందన్నారు కదూ. ఈ పైదూలం ఆవిడ పంపిన డబ్బుతోనే ఎత్తారట. పలక మాత్రం లేదు."

"పలక లేకపోతేనేం. లోపలికొచ్చి కూర్చుంది."

పేరు పలకకు నోచుకోని ఆడవాళ్లు, తాము ఎత్తించిన దూలాల కింద, బల్లకొకరు చొప్పున, నీలిరంగు కళ్లతో పైకి చూస్తున్నారు. ఒక ముసలమ్మ తన చొక్కా చేతి అంచుతో పళ్లెం అంచున నూనె తుడిచింది.

పెద్ద బల్ల దగ్గర కింగ్‌చో చాప్‌స్టిక్ పుల్లలు ఇంకో పొర ఎత్తాయి. కింద ఒక కన్ను. ఆ పక్క పొర ఎత్తాడు. కంటి కింద పుట్టుమచ్చ.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత ఆయన చేసిన పని ఆ బల్ల దగ్గరున్నవాళ్లెవరూ మరిచిపోలేరు. ఎత్తిన పొరను మళ్లీ ఆ ముఖం మీదే వేశాడు. చాలలేదు. సుయ్‌కీ తన చిన్న గిన్నెలో వేసుకున్న ముక్కలు తీసి వాటితో కప్పాడు. నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినట్టు, అంచులు సర్దుతూ కప్పాడు.

"నాది ఎందుకు లాక్కుంటున్నావురా?" అన్నాడు సుయ్‌కీ.

పుయ్‌షాన్‌కు అర్థం కాలేదు. ఆమె ఆ ముఖం గీసిందే కానీ అదెవరో అడగలేదు. పొద్దున గూపో వేలు ఆ పళ్లెం మీద ఎంతసేపు ఆగిందో ఇప్పుడు గుర్తొచ్చింది. తల తిప్పి గుమ్మం వైపు చూసింది.

గూపో అక్కడ నిలబడి ఉంది. గడపకు అవతల, కర్ర మీద ఆనుకుని. ఈ మందిరం గడప ఆవిడ ఎన్నడూ తొక్కలేదు. నా పేరు లేని ఇంట్లో నాకేం పని అనేది.

"కప్పితే పోతుందిట్రా చో," అంది గూపో. "అదెవరో చూడగానే పట్టావు, సంతోషం. మర్చిపోయావేమో అనుకున్నాను. వరదల ఏడాది పడవలోంచి దించినప్పుడు నీకు మూడేళ్లు. ఆ పుట్టుమచ్చదాని వేలు పట్టుకుని దిగావని ఇక్కడున్న వాళ్లకి తెలియదు. ఏ ఇంటిపేరుతో దిగావో కూడా తెలియదు. ఆడదానికి వాటా లేదన్నావు కదా ఇందాక. నీకు ఈ ఇంట్లో పంది వాటా ఎలా వచ్చిందో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

కింగ్‌చో ముఖంలో రంగు లేదు. గూపో వైపు చూడలేదు. కెమెరా వైపు చెయ్యెత్తాడు.

"అది ఆపు."

కుర్రాడు బటన్ మీదికి వేలు పోనిచ్చాడు.

"ఆపొద్దు," అంది పుయ్‌షాన్.

గూపో కర్రను గడపకు ఇవతల ఆనించింది. ఒక కాలు ఎత్తింది. ఎవరూ సాయం వెళ్లలేదు, ఆవిడ సాయం కోరలేదు. రెండో కాలు కూడా ఎత్తి, గడప దాటి లోపలికి వచ్చింది.